చేతులు కడుక్కుని రా!

రాత్రి తొమ్మిది దాటాక ఆ మూలకి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

మూడో అంతస్తు. లిఫ్టు దిగి ఎడమకి తిరిగితే ఆటల హాలు. ముందు వరసలో బొమ్మలు లాగే గాజు పెట్టెలు, వాటి వెనక తుపాకుల ఆటలు, గెంతే ఆటలు. అన్నీ దాటుకుని చివరికంటా వెళ్తే, ఫైర్ మెట్ల తలుపు పక్కన ఒంటరిగా ఒక కార్ల మిషను. ఎర్ర సీటు, నల్ల స్టీరింగు, కింద రెండు పెడల్సు, ఎదురుగా పెద్ద తెర.

పగలు చూస్తే ఏమీ ఉండదు. మామూలు డ్రిఫ్ట్ ఆటే. మలుపు రాగానే బ్రేకు తొక్కి స్టీరింగు ఒక్కసారిగా పక్కకి తిప్పెయ్యాలి. కారు వెనకభాగం పక్కకి జారిపోతూ, పొగలు కక్కుకుంటూ, అడ్డంగా మలుపు తిరుగుతుంది. ఎంతసేపు అలా జారితే అన్ని పాయింట్లు. చిన్నపిల్లలు కూడా ఆడేస్తారు.

కానీ రాత్రి మిషన్లన్నీ ఆపేసి, దీపాలు తీసేసి, తాళం వేసేశాక... అప్పుడు అందులో టైర్లు అరుస్తాయని చెప్పుకునేవాళ్ళు. స్టీరింగు దానంతటదే తిరుగుతుందట. పొద్దున్నే వచ్చి చూస్తే దాని నిండా నల్లటి జిగురు — ముట్టుకుంటే వేళ్ళకి అంటుకుని ఒక పట్టాన వదలదు.

అది ఎవరి చేతుల నలుపో అక్కడ అందరికీ తెలుసు. ఆ చేతుల మనిషి పోయి అప్పటికి మూడు నెలలైంది.

ఇదంతా ఆ బిల్డింగు నైట్ వాచ్‌మన్ చెప్పగా విన్నదే. అతను కల్పించి చెప్పాడేమో అనుకోకండి. అంత ఊహ ఉంటే వాచ్‌మన్ ఉద్యోగంలో ఎందుకుంటాడు పాపం.

ఆ హాలు తుడిచే ఆవిడని అందరూ ఛీఛీ పిన్ని అనేవాళ్ళు. యాభై దాటిన మనిషి. ఎత్తుగా, ఎండిపోయి, ఎప్పుడూ ముక్కు చిట్లించుకునే ఉండేది. ఆవిడ నోట్లోంచి ఛీ అనే మాట రాకుండా పట్టుమని పది నిమిషాలు గడిచేవి కావు.

అనదా మరి! ఆవిడ చూసినవి మీరు చూస్తే మీరూ అంటారు. బటన్లు నాకే పిల్లలు. పాప్‌కార్న్ వెన్న చేతులు తుపాకులకి పూసి పోయే పెద్దవాళ్ళు. తుమ్మి, ఆ చెయ్యే స్టీరింగు మీద వేసే మహానుభావులు. సీటు కింద చెయ్యి పెడితే ఏం తగులుతుందో చెప్పనా? వద్దులెండి, అన్నం తిని ఉంటారు.

"మనుషులు కాదర్రా వీళ్ళు! ముక్కులు, నోళ్ళు, చేతులు... అన్నీ కారుతూనే ఉంటాయి. ఛీ!" అనేది పిన్ని.

మిషన్లని తడిగుడ్డతో తుడవమని సూపర్‌వైజర్ మొదట్లో చెప్పాడు. పిన్ని నవ్వింది. తడిగుడ్డట! దాంతో మురికి చస్తుందా, స్నానం చేసి కూర్చుంటుంది అంది. ఆవిడకో తెల్ల డబ్బా ఉండేది. నిండా స్పిరిట్. దాని వాసన వస్తే పిన్ని వస్తున్నట్టే. రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి, ప్రతి మిషనునీ దాంతో తోమి తోమి వదిలేది. అందులోనూ ఆ మూల మిషను స్టీరింగంటే ఆవిడకి మరీ పంతం. ఎంత తోమినా తెల్లారేసరికి మళ్ళీ నల్లగా, జిగటగా ఉండేది.

"ఇది వాడి పనే," అనేది పళ్ళు కొరుకుతూ.

వాడు అంటే ఎదురు సందులో పంక్చర్లు వేసే ఆయన. నలభై అయిదేళ్ళుంటాయి. పొట్టిగా, బొద్దుగా, నవ్వు మొహం. హాల్లో అందరికీ ఆయన టైర్ల బాబాయి. పగలంతా లోకులు అరగదీసిన టైర్లకి అతుకులు వేసి, కొట్టు కట్టేసి, సరిగ్గా మూసే వేళకి పైకొచ్చేవాడు. ఆట కార్డు గీకి ఆ ఎర్ర సీట్లో కూలబడి, అరగంట సేపు తెర మీద తనే టైర్లు అరగదీసేవాడు.

ఆడటం మాత్రం బ్రహ్మాండంగా ఆడేవాడట. రెండు వేళ్ళతో స్టీరింగు తిప్పేవాడు. కారు అడ్డంగా జారుతూ గోడకి జానెడు దూరంలో ఆగి, మళ్ళీ అటు జారేది. తెరంతా పొగ. "చూశావా అక్కా! ఇదే నిజం కారైతే రేపు పొద్దున్నే నాలుగు టైర్లూ మార్చుకోడానికి నా దగ్గరికే రావాలి," అనేవాడు.

పిన్నికి ఆ జోకూ నచ్చేది కాదు, ఆ మనిషీ నచ్చేవాడు కాదు. ఆవిడ చూపంతా ఆ చేతుల మీదే. గోళ్ళ సందుల్లో నలుపు. వేళ్ళ గీతల్లో నలుపు. ఆట అయ్యాక అరచేతులు చూస్తే మరీ ఘోరం. ఆ చేతులతోనే వెళ్ళి అన్నం తింటాడు కాబోలు అనుకుని ఇంకాస్త స్పిరిట్ గుడ్డ మీద ఒంపుకునేది.

ఆ రాత్రి పిన్ని మనసు అసలే బాగాలేదు. ఎవరో పిల్లాడు గెంతే ఆట మీద వాంతి చేసుకుంటే అప్పుడే కడిగి వచ్చింది. వచ్చేసరికి టైర్ల బాబాయి సీట్లో కూర్చుని కార్డు గీకేశాడు. తెర మీద కార్లన్నీ గీత దగ్గర వరసగా నిలబడ్డాయి. స్టీరింగు మీద ఆయన చెయ్యి వేశాడు. తీశాడు. అరచేతిలో నల్లటి జిగురు.

పిన్నికి ఒళ్ళు మండిపోయింది.

"ఛీ! లే! లేవయ్యా ముందు! ఇప్పుడే తుడిచి చచ్చాను. ఆ పాడు చేతులతో మళ్ళీ పులిమేస్తున్నావ్!"

హాల్లో ఇంకా పదిమంది ఉన్నారు. అందరూ ఇటు తిరిగారు. ఆయన మొహం ఎర్రబడింది.

"అక్కా, నేను కొట్లోనే కడుక్కుని వచ్చాను. కిరసనాయిలు పోసి, రంపపు పొట్టుతో రుద్ది మరీ. ఈ నలుపు నాది కాదు... దీనిదే," అన్నాడు మెల్లగా, స్టీరింగు చూపిస్తూ.

"ఆహా! స్టీరింగుకి మురికి పుడుతుందా? అబద్ధాలాడినా అతికినట్టుండాలి. వెళ్ళి చేతులు కడుక్కుని రా! అప్పటిదాకా దీన్ని ముట్టుకుంటే ఊరుకోను!"

ఆయన గుండెల మీద ఒకసారి చెయ్యి రాసుకుని, లేచి బాత్‌రూమ్ వైపు వెళ్ళాడు.

ఆట మొదలైపోయింది. మిగతా కార్లన్నీ దూసుకుపోయాయి. ఆయన ఎర్ర కారు ఒక్కటే గీత దగ్గర నిలబడి ఉంది. టైము అయిపోయేదాకా అలాగే నిలబడి ఉంది.

పావుగంటైంది. తాళం వెయ్యాలి. పిన్నికి మళ్ళీ చిరాకేసింది. "ఏవయ్యా, చేతులే కడుగుతున్నావా, తోలు ఒలుచుకుంటున్నావా?" అని అరుస్తూ వెళ్ళి తలుపు తోసింది.

కుళాయి పారుతోంది.

ఆయన బేసిన్ కింద ఒరిగిపోయి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెండు చేతులకీ గులాబీ రంగు సబ్బు నురగ... ఆ బాత్‌రూముల్లో గులాబీ వాసన వేసే సబ్బు ఉండేదిలెండి, సీసా నొక్కితే వస్తుంది. ఆ నురగ కింద అరచేతులు తెల్లగా, పసిపిల్లాడి చేతుల్లా ఉన్నాయి.

గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. పొద్దుట్నుంచీ నొప్పిగా ఉందని కొట్లో ఎవరితోనో అన్నాడట. ఎక్కడున్నా, ఏం చేస్తున్నా అది రాక తప్పేది కాదన్నారు.

ఆ మాట అందరూ విన్నారు. పిన్ని ఒక్కతే వినిపించుకోలేదు.

ఆ నేల కడిగింది ఆవిడే. ఆ నురగ తుడిచిందీ ఆవిడే. ఆ తర్వాత వారం రోజులు ఆవిడకి అన్నం సయించలేదు. ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే గులాబీ సబ్బు వాసన. సూపర్‌వైజర్‌తో గొడవపడి ఆ సబ్బు మార్పించేసింది. నిమ్మకాయ వాసనది, ఆకుపచ్చది పెట్టారు. ఉన్న గులాబీ సీసాలన్నీ తనే దగ్గరుండి పారబోసింది.

పోనీ, కథ అంతటితో అయిపోయుంటే బాగానే ఉండేది.

పదో రోజు పొద్దున్నే పిన్ని మూల మిషను దగ్గరికెళ్ళింది. స్టీరింగు ముట్టుకుంది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

నలుపు.

రాత్రే తోమింది. ఆయన పోయాక ఆ సీట్లో కూర్చోడానికి ఎవరూ సాహసించలేదు కూడా. మనిషి పోయాడు... నలుపు పోలేదు!

స్పిరిట్ పోసి తోమింది. మర్నాడు ఇంకా ఎక్కువైంది. రెండు పూటలూ తోమేది కాస్తా మూడు పూటలూ తోమడం మొదలుపెట్టింది. నలుపు ఊరుతూనే ఉంది. గుడ్డ వేస్తే గుడ్డ అంటుకుపోయేది. తీస్తే తీగలు సాగేది. చూస్తేనే వాంతి వచ్చేలా ఉండేది.

ఈలోగా వాచ్‌మన్ ఒక రాత్రి కింద నుంచి విన్నాడు — పైన టైర్లు కీచుమనడం. మర్నాడు రాత్రీ విన్నాడు. అదే వేళకి. రెండింటికి.

ఇంకేముంది! గుసగుసలు మొదలయ్యాయి. ఆట పూర్తి చెయ్యకుండా పంపేశారు కదా, అందుకే వస్తున్నాడన్నారు. టిక్కెట్ల కౌంటర్లో కూర్చునే అమ్మాయి అయితే మొహం మీదే అనేసింది.

"నువ్వే కదా పిన్నీ పంపించింది. నీ కోసమే వస్తున్నాడేమో..."

పిన్ని దాని నోరు మూయించింది. కానీ ఆ రోజు నుంచీ మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పితే పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ఏదో వంక చెప్పి లేచిపోయేవాళ్ళు. ముప్ఫయ్యేళ్ళు లోకాన్నంతా చూసి ఛీ అన్న మనిషి... ఇప్పుడు లోకం తనని చూసి ముక్కు మూసుకుంటున్నట్టు అనిపించింది ఆవిడకి.

అయినా వాళ్ళ సంగతి అలా ఉంచండి. ఆవిడని తినేస్తున్నది వేరే. ఆయన నిజంగా తన మీద పగతోనే వస్తున్నాడా? పదిమందిలో పరువు తీసి, చావు దగ్గరికి తనే తోసిందని అనుకుంటున్నాడా? అది తెలిస్తే చాలు. తెలియకపోతే ఈ ముద్ద ఎన్నటికీ గొంతు దిగేలా లేదు.

ఒక రాత్రి డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్ళకుండా వాచ్‌మన్ ముందుకొచ్చి నిలబడింది.

"తమ్ముడూ, తాళం తియ్యి. ఈ రాత్రి నేను పైనే ఉంటాను."

"నీకేమైనా మతి పోయిందా అక్కా?"

"మతి పోకూడదనే ఉంటానంటున్నాను."

అతను ఎంత చెప్పినా వినలేదు. తెల్ల డబ్బా, గుడ్డల సంచీ పట్టుకుని మెట్లెక్కిపోయింది. అతను కిందే ఉండిపోయాడు. తనకి పెళ్ళాం పిల్లలు ఉన్నారు మరి.

చీకటి. ఫైర్ మెట్ల తలుపు మీద చిన్న ఆకుపచ్చ దీపం ఒక్కటే వెలుగుతోంది. పిన్ని ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని మూల మిషనుకి రెండడుగుల దూరంలో కూర్చుంది.

పగలు ఆ హాల్లో చెవులు చిల్లులు పడతాయి. ఇప్పుడు చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. వాసనలు మాత్రం ఎక్కడికీ పోలేదు. చెమట, మాడిన వెన్న, వందల కాళ్ళ మేజోళ్ళు... అన్నీ చీకట్లో మరింత దగ్గరికొచ్చి కూర్చున్నాయి. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

పన్నెండైంది. ఒంటిగంటైంది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

రెండు.

ఆకుపచ్చ దీపం... ఆరిపోయింది.

ఒక్క క్షణమే. మళ్ళీ వెలిగింది. దాంతోపాటే — టక్! — మూల మిషను తెర భగ్గుమంది.

పిన్ని స్టూలు అంచుని గట్టిగా పట్టుకుంది.

ఎర్ర సీట్లో ఎవరూ లేరు. స్టీరింగు కదిలింది. మెల్లగా ఎడమకి... చివరికంటా తిరిగింది. ఆగింది. మళ్ళీ కుడికి... చివరికంటా. తర్వాత నడిమికి వచ్చి, చిన్నగా వణుకుతూ నిలబడింది.

తెర మీద గీత దగ్గర కార్లు. ఎర్ర కారు కూడా ఉంది.

ఈసారి అది ఆగలేదు. దూసుకుపోయింది. మలుపు రాగానే కీచుమంటూ అడ్డం తిరిగింది. గోడకి జానెడు దూరంలో జారింది. పొగ... తెరంతా పొగ.

పిన్నికి పై ప్రాణాలు పైనే పోయాయి. లేచి పరిగెత్తాలనుకుంది. కానీ అడగాల్సింది అడక్కుండా పోతే ఇంక జన్మలో అడగలేనని తెలుసు. స్టూలు ముందుకి జరుపుకుంది.

"ఏవయ్యా... నువ్వేనా?"

టైర్లు కీచుమన్నాయి.

"నా మీద కోపమా? చెప్పు. తిట్టాలనుంటే తిట్టు. ఇలా పులిమి పోకు... నా వల్ల కావడం లేదు."

ఎర్ర కారు ఇంకో మలుపు తిరిగింది.

ఆవిడ చెయ్యి చాచింది. ఎందుకు చాచిందో ఆవిడకే తెలీదు. స్టీరింగు పట్టుకుంది. చల్లటి జిగురు వేళ్ళ సందుల్లోకి పాకింది. మరుక్షణం — స్టీరింగు ఆవిడ చేతుల్లోంచి గుంజుకుంది. అవతల నుంచి ఎవరో పట్టుకుని లాగారు!

కెవ్వుమంది పిన్ని.

వాచ్‌మన్ టార్చి పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ పారిపోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, డబ్బాలో స్పిరిట్ మొత్తం స్టీరింగు మీద ఒంపేసి, పిచ్చిపట్టినట్టు తోముతోంది. మోచేతుల దాకా నలుపు. మొహం మీద, కొంగు మీద నలుపు. చుట్టూ నల్లటి గుడ్డలు ఇరవై దాకా పడి ఉన్నాయి.

"ఇంకా వస్తోంది చూడు!" అంటోందట. "ఛీ... ఛీ... ఇంకా వస్తూనే ఉంది చూడు!"

తెల్లారింది. మిషను పాడైందని సూపర్‌వైజర్ ముందే కంపెనీకి ఫోన్ చేసి పెట్టాడు కాబట్టి పొద్దున్నే మెకానిక్ వచ్చింది. ఇరవై అయిదేళ్ళ అమ్మాయి. వీపుకి సంచీ, నోట్లో చూయింగ్ గమ్. వస్తూనే ఆ గమ్ తీసి మిషను అంచుకి అంటించబోయి, పిన్ని చూసిన చూపుకి గుటుక్కున మింగేసింది.

మిషను వెనక్కి వెళ్ళి, దూరి, వైర్లు పీకి, పది నిమిషాల్లో దుమ్ము కొట్టుకుపోయి బయటికొచ్చింది. నవ్వుతోంది.

"దీని ప్లగ్గు ఎవరు పెట్టారండీ ఎమర్జెన్సీ దీపాల లైన్లో? హాల్లో అన్నీ ఆపేసినా ఇది ఆగదు, నిద్రపోతుందంతే. రాత్రిపూట జనరేటర్ ఏమైనా పరీక్ష చేస్తారా?"

"రోజూ రెండింటికి ఓ నిమిషం తిప్పి చూస్తారు," అన్నాడు వాచ్‌మన్.

"అదే మరి! అప్పుడు కరెంటు ఒక్కసారి పోయి వస్తుంది. ఇది ఉలిక్కిపడి లేస్తుంది. లేవగానే స్టీరింగు సరిగ్గా ఉందో లేదో అటూ ఇటూ తనే తిప్పి చూసుకుంటుంది, లోపల మోటారుంది కదా. తర్వాత జనాన్ని పిలవడానికి కారు తనే తోలి చూపిస్తుంది. డెమో అంటాం."

వాచ్‌మన్ నోరు వెళ్ళబెట్టాడు. టిక్కెట్ల అమ్మాయి పకపకా నవ్వింది. పిన్ని కూడా చాన్నాళ్ళకి ఊపిరి పీల్చుకుంది.

"మరి ఈ నలుపో?" అంది.

మెకానిక్ స్టీరింగు మీద గోరుతో గీసింది. గోరు లోపలికి దిగబడిపోయింది. వాసన చూసి మొహం చిట్లించింది.

"దీన్ని దేంతో తుడుస్తారు ఆంటీ?"

పిన్ని తెల్ల డబ్బా చూపించింది.

"అయ్యో! ఈ రబ్బరుకి స్పిరిట్ తగలకూడదు ఆంటీ. కరిగిపోతుంది. ఇదిగో, వెనక కాగితం అంటించాం కూడా, తడిగుడ్డతో మాత్రమే అని." ఆ అమ్మాయి చెయ్యి గుడ్డకి రాసుకుంటూ చెప్పుకుపోతోంది. "ఇది మురికి కాదు, స్టీరింగే. మీరు తుడిచేకొద్దీ అది కరుగుతూ వచ్చింది. మీరు ముట్టుకోకుండా వదిలేసి ఉంటే శుభ్రంగా ఉండేది."

అందరూ మళ్ళీ నవ్వారు. పిన్ని నవ్వలేదు.

"ఎన్నాళ్ళ నుంచి కరుగుతోంది?" అంది మెల్లగా.

"ఇంత లోతుకి పాడైందంటే... ఏడాది పైనే అయ్యుంటుంది."

ఏడాది.

*అక్కా, నేను కొట్లోనే కడుక్కుని వచ్చాను. ఈ నలుపు నాది కాదు... దీనిదే.*

ఆయన స్టీరింగుకి నలుపు పులమలేదు. స్టీరింగే రోజూ ఆయన చేతులకి పులిమింది. దాన్ని రోజూ తోమి తోమి కరిగించింది తను. తన చేతి మురికిని ఆయన చేతులకి అంటగట్టి, పదిమందిలో ఛీ అని, కడుక్కుని రా అని పంపింది తను!

పిన్ని తన రెండు చేతులూ చూసుకుంది. రాత్రి నలుపు ఇంకా గోళ్ళ సందుల్లో అలాగే ఉంది. గబగబా వెళ్ళి బాత్‌రూములో వాంతి చేసుకుంది.

ఆ మధ్యాహ్నానికి మెకానిక్ పాత స్టీరింగు పీకేసి కొత్తది బిగించింది. ప్లగ్గు మార్చేసింది. ఇప్పుడు మెయిన్ స్విచ్ ఆపితే మిషను చచ్చినట్టు పడుంటుంది. తెల్ల డబ్బాని సూపర్‌వైజర్ తీసుకుపోయి తన గదిలో పెట్టి తాళం వేశాడు. అందరికీ భయం తీరిపోయింది. అన్నం డబ్బాలు విప్పినప్పుడు టిక్కెట్ల అమ్మాయి వచ్చి పిన్ని పక్కనే కూర్చుంది కూడా.

"చూశావా పిన్నీ, దెయ్యమూ లేదు గియ్యమూ లేదు!"

పిన్ని తన డబ్బాకి మూత పెట్టేసింది. దెయ్యమైనా బాగుండేది. క్షమించమని అడగడానికి ఒకరుండేవారు.

రాత్రి అందరూ వెళ్ళిపోయాక ఆవిడ మూల మిషను దగ్గరికొచ్చింది. కొత్త స్టీరింగుని పొడిగుడ్డతో ఒక్కసారి తుడిచింది. అంతే. మెయిన్ ఆపింది. తెర నల్లబడింది. ఆ ఖాళీ ఎర్ర సీటు వైపు చూస్తూ, వెనకాల వాచ్‌మన్ తాళాల గుత్తితో నిలబడి ఉన్నా సిగ్గుపడకుండా చెప్పింది.

"నువ్వు చెప్పింది నిజమేనయ్యా. కడుక్కునే వచ్చావు. నేనే నమ్మలేదు."

తాళం వేశారు. ఆ రాత్రి వాచ్‌మన్ పైకి చెవులు రిక్కించి కూర్చున్నాడు. రెండైంది. జనరేటర్ తిరిగింది. ఏ చప్పుడూ లేదు. టైర్లు అరవలేదు. హాయిగా కునుకు తీశాడు.

పొద్దున్న ఇద్దరూ కలిసే తాళం తీశారు. దీపాలు వేశారు. పిన్ని గుడ్డ పట్టుకుని ముందు నడిచింది. మూల దగ్గరికి వెళ్ళి... ఆగిపోయింది.

మిషను ఆపేసే ఉంది. తెర నల్లగా ఉంది. స్టీరింగు నిన్న తుడిచినంత శుభ్రంగా, పొడిగా ఉంది — రెండు చోట్ల తప్ప. ఎడమ చెయ్యి పట్టే చోట, కుడి చెయ్యి పట్టే చోట తడిసి ఉంది.

జిగురు కాదు. నలుపూ కాదు.

నురగ. గులాబీ రంగు నురగ. బుడగలు ఇంకా ఒక్కొక్కటే పగులుతున్నాయి.

గులాబీ వాసన గుప్పుమంది. మూడు నెలల కిందట, చివరి సీసా దాకా, ఆవిడ తన చేత్తో పారబోసిన వాసన.

పిన్ని అరవలేదట. ఛీ అనలేదు. చేతిలో గుడ్డ ఉన్నా తుడవలేదు. మెల్లగా వంగి ఆ రెండు చోట్లా తన రెండు చేతులూ ఆనించి, కళ్ళు మూసుకుంది.

"శుభ్రంగానే ఉన్నాయి తమ్ముడూ, నీ చేతులు," అంది ఆ ఖాళీ సీటుతో.

ఆవిడ ఏడుస్తుంటే వాచ్‌మన్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. ఎవరో ఆకతాయిల పనై ఉంటుందని ఆవిడకి నచ్చచెబుదామని, తనూ దగ్గరికొచ్చి ఆ నురగలో ఒక వేలు పెట్టి చూశాడట.

వెచ్చగా ఉందట.